డి డ్రైవులో గొంతు

"నిన్న మీరు చెయ్యి పెట్టాకే మా వాడి గొంతు పోయింది," అంది ఝాన్సీలక్ష్మి, శామ్యూల్ రాజ్ గుమ్మంలో చెప్పులు విప్పకముందే.

గుడివాడలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లలో శామ్యూల్ రాజ్‌కి మంచి పేరే ఉంది. ఎరువుల కొట్టు లెక్కలకి జాగా చాలడం లేదని ఆవిడ భర్త గోవర్ధనరావు కొన్న రెండో హార్డ్ డిస్కుని నిన్ననే వచ్చి బిగించి వెళ్లాడు. గొంతేమిటో, పోవడమేమిటో అతనికి అర్థం కాలేదు.

ఆవిడే చెప్పింది. కొడుకు ధీరజ్ గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్ చదివేవాడు. కంప్యూటర్ పెట్టగానే వచ్చే సంగీతం తీసేసి, సరదాకి తన గొంతు పెట్టాడు. 'అమ్మా, క్యారేజీ. నాన్నా, లేవండి, బస్సు వెళ్లిపోద్ది.' పిల్లాడు కిందటి కార్తీకంలో హంసలదీవి దగ్గర సముద్రంలో మునిగిపోయాడు. గొంతు మాత్రం రోజూ పొద్దున్నే పలుకుతూనే ఉంది. ఇవాళ పలకలేదు.

శామ్యూల్ రాజ్ గబగబా కూర్చుని చూశాడు. కొట్టు లెక్కలూ తెరుచుకోవడం లేదు. కాసేపటికి సంగతి తేలింది. కొత్త డిస్కు వచ్చీ రాగానే, డ్రైవులకిచ్చే అక్షరాల్లో డి ని తను లాక్కుంది. పాత డిస్కులో నిన్నటిదాకా డి అనిపించుకున్న భాగం కాస్తా ఇ అయి కూర్చుంది. కంప్యూటర్‌కి ఎంతో తెలివంటారు గానీ, అక్షరం మారితే ఒళ్లో ఉన్నదాన్ని కూడా పోల్చుకోలేదు. పిల్లాడి గొంతు ఇ లో భద్రంగా ఉంటే, అది డి లో వెతుకుతోంది.

ఈ మాట చెబుదామని వెనక్కి తిరిగేసరికి ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. గోవర్ధనరావు అతని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లాడు.

"ఉందా?"

"ఉందండీ. అక్షరాలు సరిచేస్తే వచ్చేస్తుంది."

"రానివ్వకండి."

శామ్యూల్ రాజ్ తెల్లబోయాడు.

గోవర్ధనరావు గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. భార్య లేస్తూనే కంప్యూటర్ పెడుతుందట. ఆ పిలుపు వినగానే పిల్లాడికి క్యారేజీ కడుతుందట. వద్దనడానికి నోరు రాక, ఆయన స్కూటర్ తీసి క్యారేజీ తగిలించుకుని బస్టాండుకి వెళ్లి, గుడ్లవల్లేరు బస్సు కదిలేదాకా నిలబడి, ఆ అన్నం అక్కడెవరికో పెట్టి వస్తున్నాడట. ఇలాగే సాగితే ఆవిడకి మతి చలిస్తుందని ఆయన భయం.

"పోయిందని చెప్పండి. మీ మాటైతే నమ్ముతుంది. తుడిచెయ్యకండి. ఆపండి, చాలు," అంటూ కళ్లు ఒత్తుకుని కొట్టుకి వెళ్లిపోయాడు.

శామ్యూల్ రాజ్ కొత్త డిస్కుని అక్షరాల వరసలో చివరికి నెట్టాడు. పాతదాని డి పాతదానికి తిరిగొచ్చింది. లెక్కలు తెరుచుకున్నాయి. గొంతు వినపడాల్సిన చోట మాత్రం ఏ చప్పుడూ లేకుండా చేశాడు. ఇన్నేళ్ల పనిలో ఇంత పాడుపని ఎప్పుడూ చెయ్యలేదనిపించింది.

"రాలేదమ్మా. తప్పు నాదే," అన్నాడు, మంచినీళ్లు తెచ్చిన ఆవిడ మొహంలోకి చూడలేక.

ఆవిడ తిడుతుందనుకున్నాడు. కుర్చీలో కూలబడి చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, ఇంక ఎప్పటికీ రాదా అని అడిగింది. రాదన్నాడు.

"అయితే ఈ మాట ఆయనకి మీరే చెప్పండి బాబూ. పొద్దున్నే అది వినకపోతే మంచం దిగరని, చెవులు మూసుకునైనా నేనే పెడుతున్నాను. వాడు రాడని నాకు తెలీదా? ఆయన స్కూటర్ తీసి బస్టాండుకి బయల్దేరుతుంటే, ఉత్త చేతుల్తో పంపలేక కడుతున్నాను."