పది గంటలకు ఆగే పెట్టె

"ఈ పెట్టె మార్చిందాకా నీ బండి తాళంచెవి నాకాడే ఉంటది" అన్నాడు యల్లయ్య, దాన్ని పిడికిట్లో బిగించి.

సోలార్ మోటార్లు బాగుచేసే ఖాలిద్, మార్కాపురం నుంచి కొనకనమిట్ల దగ్గరున్న ఈ చేనికి రావడం నెలలో ఇది మూడోసారి. యల్లయ్య మోటారు పొద్దున బాగానే పోస్తుంది. పది దాటాక పెట్టెలో ఎర్రలైటు వెలిగి ఆగిపోతుంది. రెండెకరాల బత్తాయి తోట పిందె మీద ఉంది. సగం పిందె ఇప్పటికే రాలింది.

"మామా, పలకల నుంచి వచ్చే కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చేది ఈ పెట్టే. నీళ్ళు అందకపోతే, మోటారు కాలకుండా ఇదే ఆపేస్తది. దీని తప్పేమీ లేదు."

"అంటే నా బోర్లో నీళ్ళు లేవంటావా? నాలుగేండ్లు పోసిన బోరు! మీ పెట్టెకు చేతగాక నా బోరుకు పేరు పెడతావేంది?"

ఖాలిద్ వాదించలేదు. పాత పెట్టె విప్పి, వెంట తెచ్చిన కొత్తది బిగించాడు. నీళ్ళు దబదబా పడ్డాయి. యల్లయ్య మీసం మీద చెయ్యేశాడు.

"చూసినావా! ఇన్నాళ్ళూ నా తోట ఎండబెట్టినావు గదరా."

"పది కానీ మామా."

పదింటికి పై చేనికి త్రీఫేస్ కరెంటు వచ్చింది. గట్టు అవతల మోటారు మోత మొదలైంది. కాసేపటికి ఇక్కడ ధార సన్నబడింది. గొట్టం గురగురమంది. కొత్త పెట్టెలోనూ ఎర్రలైటు వెలిగింది.

"ఇది కూడా ఆ కంపెనీదే గదా" అన్నాడు యల్లయ్య. గొంతులో జోరు లేదు.

ఖాలిద్ తాడుకు బోల్టు కట్టి బోరులోకి వదిలాడు. మోటారు దాకా దించినా తాడు పొడిగానే పైకి వచ్చింది.

"అవతలి బోరు ఎప్పుడు వేసినారు?"

యల్లయ్య వంగి గొట్టం సర్దసాగాడు.

"రెండు నెల్లయింది. ఎనిమిది వందల అడుగుల లోతు" అంది అతని భార్య రాఘవమ్మ. అంతసేపూ ఆమె రాలిన పిందెలు ఏరి గంపలో వేస్తూనే ఉంది.

ఖాలిద్‌కు ఒళ్ళు మండింది. "నీ బోరుకొచ్చే జల మీదనే, నలభై అడుగుల దూరంలో వేసినారు మామా! అంత చేను పెట్టుకొని, సరిగ్గా ఇక్కడే పాయింటు చూపించిన ఎదవ ఎవడు? వాణ్ణి వదిలేసి పెట్టెను తిడితే ఏం లాభం?"

యల్లయ్య తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. "ఇంక పో అబ్బాయ్. ఎండెక్కుతాంది."

"ఎవడో చెప్పు మామా. నేనే పోయి అడుగుతా."

రాఘవమ్మ మొగుడి వైపు చూడలేదు.

"టెంకాయ అరచేతిలో పెట్టుకొని చేనంతా తిరిగి, ఆడ జల ఉందని చూపించినందుకు వాళ్ళు పంచె పెట్టినారు నాయనా. ఇదో, మీ మామ కట్టుకొనుండేది అదే."