నూట ముప్పై పేజీల అక్క

“అక్క పుస్తకం కంటే నాది లావుగా రావాలి. ముందు అది చెప్పండి, వస్తుందా, రాదా?”

నమూనా కోసం బల్ల మీద పరిచిన పుస్తకాల్లోంచి పెద్దకోడలి పుస్తకాన్ని చిన్నకోడలు రెండు వేళ్లతో పక్కకు నెట్టింది. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా, ఇంట్లో మనవలు తిరుగుతున్నా, ఆ కుటుంబంలో ఆవిడ ఇంకా చిన్నకోడలే. ఎదురుగా కూర్చున్నావిడ కోర్టులో స్టెనోగా చేసి రిటైరైంది. ఇప్పుడు పెద్దవాళ్ల జీవితకథలు వాళ్ల కుటుంబాల కోసం రాసిపెడుతోంది. లావు తన చేతిలో లేదనీ, చెప్పేవాళ్ల నోట్లో ఉంటుందనీ స్టెనో నెమ్మదిగా చెప్పింది.

“అక్కది నూట ముప్పై పేజీలు. చివరి పేజీ నంబరు చూశాను, అంతే. లోపల ఒక్క ముక్క చదవలేదు. ఆవిడ సంగతి నాకు తెలియనిదేముంది గనక?”

నిజమే మరి. ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకే వంటింట్లో మసిలారు. రోజూ అదే కుక్కరు, అదే ఇస్త్రీ పెట్టె. అలాంటి మనిషికి నూట ముప్పై పేజీలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి? పోనీ పడ్డాయే అనుకుందాం, సెలవు వస్తే చాలు, తన సొంత మనవలు పై వాటాకు పరిగెత్తి ఆవిడ చుట్టూ ఎందుకు మూగాలి? “నాన్నమ్మా, పెద్ద నాన్నమ్మ చిన్నప్పుడు భలే మొండిదట” అని మనవరాలు కళ్లింతలు చేసుకుని చెప్పబోతే, పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. కడుపు మాత్రం మూడు నెలలుగా భగభగ మండుతోంది. అది చల్లారాలంటే తనకూ ఒక పుస్తకం కావాలి.

ఎలా రాయించుకోవాలన్నదే ఓ పట్టాన తేలలేదు. కొడుకు నోటుబుక్కు కొనిచ్చి స్వయంగా రాయమన్నాడు. ఫలానా సంవత్సరంలో పుట్టాను అని రాసేసరికి కలం ఆగిపోయింది. పుట్టాక ఏం చేసిందో వారం రోజులైనా రాయడానికి రాలేదు. ఫోన్లో మాట్లాడి పెడితే తాను టైపు చేయిస్తానంది కోడలు. అదీ అయింది. ఊకొట్టని వస్తువుతో ఎంతసేపని మాట్లాడుతుంది? చివరికి అక్కకు రాసిన చెయ్యే తనకూ రాయాలని భీష్మించుకుని స్టెనోను పిలిపించింది.

స్టెనో పద్ధతి వేరు. మధ్యలో ప్రశ్నలు వేయదు, ఔననదు, కాదనదు. కోర్టులో సాక్షి చెప్పినట్టు చెప్పుకుపోవాలి, ఆవిడ షార్ట్‌హ్యాండులో దించుకుపోతుంది.

చిన్నకోడలు గొంతు సవరించుకుని, తన కన్నపిల్లలకు కూడా తెలియని సంగతితో మొదలుపెట్టింది. పెళ్లికి ముందు ఆవిడ గుండీల కార్ఖానాలో పనిచేసింది. తెలిస్తే అత్తవారు చులకనగా చూస్తారని పుట్టింటివాళ్లు దాచారు. తర్వాత తనూ దాచుకుంది. ఈ వయసులో ఇంకా ఎవరికి భయపడాలి? మేనేజరు టీ విరామం ఎత్తేసిన రోజున తిన్నగా వెళ్లి మెయిన్ స్విచ్చు దించేసింది. నలభై మెషీన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరు ఆపారని మేనేజరు అరుచుకుంటూ వచ్చాడు.

“స్టూలెక్కి నిలబడి, నేనే ఆపాను, మీ చేతిలో టీ కప్పు కింద పెట్టి మాట్లాడండి అన్నాను.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతుకు పద్దెనిమిదేళ్లే ఉన్నాయి. సాయంత్రానికల్లా విరామం తిరిగొచ్చిందట.

స్టెనో పెన్సిలు ఆగింది. ఆశ్చర్యంతో ఆగిందనుకుని చిన్నకోడలు మురిసిపోయింది. ఇంకా ఊపందుకుని, అన్న ప్యాంటు తొడుక్కుని, అన్న సైకిలే ఎత్తుకెళ్లి, మోచెయ్యి విరగ్గొట్టుకుని మరీ తొక్కడం నేర్చిన వైనం చెప్పింది. పెన్సిలు కదల్లేదు.

“రాసుకోరేం?”

“ఇవి ఇంకెవరికైనా చెప్పారా?” స్టెనో అడిగిన మొదటి ప్రశ్న అది.

“ఒక్క అక్కకే. కాపురానికి వచ్చిన కొత్తలో, ఇద్దరం బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఎంత పడకపోయినా ఆ మాట ఒప్పుకోవాలి, ఇన్నేళ్లలో ఎక్కడా నోరు జారలేదు.”

స్టెనో పెద్దకోడలి పుస్తకం దగ్గరకు లాక్కుని, నలభై ఒకటో పేజీ తీసి ఆవిడ ముందు పెట్టింది. మెయిన్ స్విచ్చు ఉంది. స్టూలు ఉంది. టీ కప్పు కూడా ఉంది. స్టూలెక్కింది మాత్రం అక్క. పేజీ తిప్పితే, అక్క సైకిలు తొక్కుతోంది.

“చెప్పింది చెప్పినట్టు రాయడమే నా పనండీ. ఇప్పుడు మీరూ ఇవే చెబితే, ఇంట్లో వాళ్లు…”

మిగతాది చిన్నకోడలికి అర్థమైంది. ఇప్పుడు నోరు విప్పితే, తన బతుకు అక్కది చూసి కొట్టిన కాపీ అవుతుంది.

పై వాటాలో మనవలు నోళ్లు వెళ్లబెట్టి విన్నదంతా తన కథే. కోపం రావలసిన చోట ముందు ఒక వెర్రి సంతోషం తన్నుకొచ్చింది. అంటే ఇన్నేళ్లూ అక్కే తనను చూసి కుళ్లుకుందన్నమాట. ఆ తర్వాతే ఒళ్లు మండింది. ఇంత దోచుకున్న మనిషి తన గురించి కనీసం ఒక మంచి ముక్కైనా రాయించిందా అని గబగబా పేజీలు తిప్పింది. నూట ఇరవై తొమ్మిదో పేజీ అడుగున దొరికింది.

‘నా తోడికోడలు మంచి మనిషి. నా సాహసాలు చెబుతుంటే కళ్లప్పగించి వినేది. పాపం, తన జీవితంలో చెప్పుకోదగ్గదేదీ జరగలేదు.’