లోపలి గడియ

“ఒకసారి తలుపు వేసి చూపించండి,” అంది ఆమె.

దుకాణదారు హుషారుగా కోల్డ్‌రూమ్ తలుపు నెట్టాడు. జానెడు మందం తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. ఐస్‌క్రీముల వ్యాపారమా, పూల వ్యాపారమా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, “మీ ఆయన కోపాన్ని లోపల పెట్టినా చల్లారిపోతుందమ్మా,” అని తన జోకుకి తనే నవ్వాడు.

పక్కనున్న మరిది మొహం తిప్పుకున్నాడు.

దుకాణం నిండా పాత ఓడల నుంచి ఊడదీసిన సామానే. మంచాలు, గుండ్రటి కిటికీలు, తుప్పు పట్టిన గొలుసులు. ఈ గదిని మాత్రం విడదీయకుండా గదిగానే పట్టుకొచ్చానంటూ అతను ఓడ చరిత్ర ఎత్తుకున్నాడు. నౌకాదళానికి సరుకులు మోసిన ఓడట. ఒక్క గుండు పేల్చి ఎరగదు. యుద్ధమొస్తే వెనక ఉండి పెద్ద ఓడలకి నూనె, నీళ్లు, తిండి అందించడం, తుఫానొస్తే మందులు, దుప్పట్లు మోయడం. పతకాలు మాత్రం పక్క ఓడలకి.

“వంటమనిషి బతుకమ్మా దానిది. తిన్నవాడు చెయ్యి కడుక్కున్నాక ఎవరికి గుర్తు?”

ఆమెకి ఆ చరిత్ర కంఠతా వచ్చు. ఆ ఓడలో ఆమె భర్త స్టోర్‌కీపర్. ఈ గదిలోనే చలికి కొయ్యబారి పోయాడు.

లోపల నుంచి తలుపు తీసే గడియ బాగానే ఉంది, మనిషే ఒళ్లు తెలియకుండా లోపల నిద్రపోయాడని విచారణలో తేల్చారు. తాగి ఉంటాడన్నారు గిట్టనివాళ్లు. ఆమె ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. గడియ పట్టేసింది, ఆ తప్పు కప్పిపుచ్చడానికి పోయినవాడి మీదకి నెట్టారు అనేది ఆమె మాట. తలుపు చూపించమంటే ఓడ సముద్రంలో ఉందనేవారు. దాన్ని తుక్కు కింద అమ్మేశారని తెలిసిన దగ్గర్నుంచి ఈ వీధిలో దుకాణం దుకాణం తిరుగుతోంది.

“ఇంక వదిలేయి వదినా,” అన్నాడు మరిది. “తెలిసి మాత్రం ఏం చేస్తాం?”

“మీ అన్నయ్య స్టవ్ రెండుసార్లు చూసుకోకుండా పడుకున్న రాత్రి ఉందా? ఆయన ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడంటే నమ్మమంటావా?”



అంత ముందుచూపు ఆయనది. చివరిసారి సెలవుకి వచ్చినప్పుడు అలసటో ఏమో, పెద్దగా మాట్లాడలేదు గానీ, ఖాళీగా కూర్చోలేదు. ఇంటి కప్పు కారే చోటల్లా పూత పూశాడు. ఫ్యూజు వేయడం దగ్గరుండి ఆమెకి నేర్పాడు. కోటు ఒక్కటే మరిచిపోయాడు. కోల్డ్‌రూమ్‌లో వేసుకునే మందపాటి కోటు. ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న దాన్ని ఆమె చూసేసరికి ఓడ వెళ్లిపోయింది. గుమ్మం దాటేటప్పుడు తను గుర్తు చేసి ఉంటే, ఎవరో వచ్చి తెరిచేదాకా ఆయన ప్రాణం నిలిచేదేమో. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. కోటు ఇప్పుడు ఆమె చేతి మీదే ఉంది.

సంగతి మరిది చెప్పాక దుకాణదారు నవ్వు మాయమైంది. ఈ గడియని ఎవరైనా బాగుచేశారా అని ఆమె అడిగితే అడ్డంగా తల ఊపాడు. మనిషి పోయాక ఎవరూ ఆ గది వాడలేదట. విచారణ కాగానే సీలు వేసేశారట.

“ఆ సీలు నా చేత్తో నేనే తెంపానమ్మా. చుక్క నూనె కూడా వేయలేదు.”

ఆమె కోటు మరిది చేతికిచ్చింది.

“నేను లోపలికి వెళ్తాను. బయట నుంచి మూసేయండి.”

దుకాణదారు ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు మూలబడ్డ గడియ, పట్టేస్తే ఏం గతి అన్నాడు.

“పట్టేస్తే తీయడానికి మీరిద్దరున్నారు. ఆయనకి ఎవరున్నారు?”

తలుపు మూసుకుంది. లోపల కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. గోడ తడుముకుంటూ వెళ్లి గడియ దొరకబుచ్చుకుంది. చల్లటి ఇనుము. ఇది కదలకపోతే చాలు, ఆయన మీద పడ్డ మచ్చ పోతుంది. కళ్లు మూసుకుని, దాని మీద అరచేయి ఆనించింది.

తోసీ తోయకముందే తలుపు తెరుచుకుంది. ఎదురుగా మరిది చేతిలో, ఆయన మరిచిపోయాడని ఇన్నాళ్లూ అనుకున్న కోటు.