సగం తెగిన చెవి

"కాళ్లు గట్టిగా పట్టుకో సాయవ్వా," అంటూ పశువుల డాక్టర్ బిందుమాధవి సిరంజి తీసింది.

బాన్సువాడ చివర పందుల దొడ్డిలో సాయవ్వ పందిని నేలకు అదిమి కూర్చుంది.

"పోయిన నెలనే అన్నిటికి నెత్తురు తీస్తిరి గదమ్మా. మళ్ల గీ ఒక్కదానికే ఎందుకు?"

డాక్టర్ పంది ఎడమ చెవి పట్టి చూసింది.

"మీ పందుల్లో జ్వరం క్రిమి ఐదు రకాలు దొరికింది. పోయిన వానాకాలం మీ ఆయన చనిపోయే ముందు ఆస్పత్రిలో తీసిన రక్తంలో ఉన్న రకం మాత్రం, పన్నెండు పందుల్లో దీనికొక్కదానికే ఉంది."

"ఆయనది ఎలుక జరమన్నరు గదా?"

"పందుల నుంచి కూడా వస్తుంది. ఒంటిమీద గాయముంటే అందులోంచి లోపలికి పోతుంది. అసలు ఇది మీదేనా? మీ పందులన్నిటికీ ఎడమ చెవి కొస కోసి గుర్తు పెట్టారు. దీనికి సగమే తెగింది. వేరేవాళ్లదైతే వాళ్లింట్లోనూ పరీక్షలు చేయాలి."

సాయవ్వ ఆ చెవి వంక చూసింది. భర్త పోశెట్టి వేలికి తను కట్టిన గుడ్డపేలిక, వారం తిరక్కుండానే పచ్చబడిన అతని కళ్లు గుర్తొచ్చాయి.

"మాదేనమ్మా. చెవి కోస్తుంటే గింజుకున్నది. కత్తి జారి ఆయన ఏలు తెగింది."

"అయ్యో! పందిని పట్టుకోవడానికి ఎవరూ లేరా?"

"నేనే ఉన్న. కాళ్లు ఇడిశిపెట్టిన."

సూది గుచ్చగానే పంది అరిచి తన్నుకుంది. సాయవ్వ ఈసారి వదల్లేదు. సూది తీసేశాక కూడా వదల్లేదు.