కుడి మోకాలి కోసం ప్రార్థన

ఆదివారం లోపు మణిదీప్ చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ఒకటి సంపాదించాలి. నవ్వు రాకుండా "ప్రైజ్ ద లార్డ్ ఆంటీ" అనడం నేర్చుకోవాలి. ఫోన్‌లో తెలుగు బైబిల్ దించుకోవాలి. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని చెవులు తెరిచి ఉంచాలి. నోరు ఎంత దురద పెట్టినా ప్రార్థన ఎవరి కోసమో ఆ పేరు మాత్రం అడగకూడదు.

ఇవన్నీ చెప్పింది రఘువీర్. లీడ్స్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న ఆ ఇద్దరూ ఒక ఇంటి ముందుగదిలో పక్కపక్కనే పరుపులు వేసుకుని పడుకుంటారు. పడుకునేది ఇద్దరైనా నిద్రపోయేది ఒక్కడే. రఘువీర్ గురక పెడితే కిటికీ అద్దాలు కూడా ఉలిక్కిపడతాయి. విడిగా గది తీసుకుందామంటే అడ్వాన్సూ మొదటి నెల అద్దే కలిపి వెయ్యి పౌండ్లు దాటుతోంది. మణిదీప్ చేతిలో ఉన్నవి మూడు వందలు.

ఆ మూడు వందల్నీ వెయ్యి దాటించే దారి ఒక్కటే కనిపించింది. వచ్చే శనివారం ఊళ్ళో, కంచె బోనులో కొట్టుకునే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీ ఉంది. బోనులోకి దిగేది ఈ ఊరి కుర్రాడు డెక్లన్, పోలండ్ నుంచి వస్తున్న మారెక్. డెక్లన్ మీద వంద కాసి గెలిస్తే లాభం పాతిక. మారెక్ మీద వంద కాసి గెలిస్తే ఐదొందలు. డెక్లన్ పదకొండు పోటీల్లో ఓడింది ఒక్కటి. ముప్పై ఎనిమిదేళ్ళ మారెక్ వరసగా మూడు ఓడి వస్తున్నాడు. పాతిక కోసం వంద పెట్టడం పిరికితనం, ఐదొందల కోసం వంద పెట్టడం పిచ్చితనం అని మణిదీప్ రెండు రోజులు తల పట్టుకున్నాడు.

"తెలిసి పెడితే పిచ్చితనం ఎట్లయితదిరా?" అన్నాడు రఘువీర్. "తెలుగోళ్ళ చర్చికొచ్చే రోజమ్మ ఆంటీ హాస్పిటల్ల పనిచేస్తది. ఆదివారం ప్రార్థన మనవులప్పుడు అన్నీ బయటపెడ్తది. పోయిన నెల ఎవనికో భుజం జారిందని ఏడ్చింది. వాడు ఓడిండు. నాకు నూట ఎనభై వచ్చినయ్."

"గిది దొంగతనం గాదా?"

"నలుగుర్ల నిలబడి దేవునికి చెప్పిన మాట మనం వింటే దొంగతనమా? పైగా బిర్యానీ గూడ పెడ్తరు."

ఆ చివరి మాటతో మణిదీప్ అంతరాత్మ సర్దుకుంది.

ఆదివారం అద్దె హాల్లో పాటలయ్యాయి, వాక్యమైంది. మనవుల సమయం వచ్చింది. రోజమ్మ చెంగు తలమీదికి లాక్కుని లేచింది.

"పేరు చెప్పను. చెబితే నా ఉద్యోగం పోద్ది. ఈ ఊరి బిడ్డే, బోనులోకి దిగి కొట్టుకుంటాడు. వచ్చే శనివారమే ఆట. కుడి మోకాలు పాడై మెట్లు కూడా ఎక్కలేకపోతన్నాడు. ఆ బిడ్డ కోసం కన్నీటితో ప్రార్థన చేద్దాం."

అందరూ మోకరిల్లారు. తన మీద అనుమానం రాకూడదని మణిదీప్ అందరికంటే గట్టిగా ప్రార్థించాడు. రఘువీర్ గురక తలుచుకుంటే కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయి. బిర్యానీ చేయి కడుక్కోకముందే, ఎడమ చేత్తో ఫోన్ తీసి మూడు వందలూ మారెక్ మీద పెట్టేశాడు.

శనివారం పోటీ నలభై సెకన్లలో ముగిసింది. పాడైందన్న ఆ కుడి మోకాలితోనే డెక్లన్ ఒక్క పోటు పొడిచాడు. మారెక్ మళ్ళీ లేవలేదు. మణిదీప్ గదీ లేవలేదు.

మర్నాడు అతను హాలుకి వెళ్ళింది నిలదీయడానికే. నోరు తెరిచేలోపే రోజమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది.

"దేవుడు మన మొర ఆలకించాడు బాబూ! ఆ మోకాలు ఎట్టా బాగుపడిందో చూశావా? అంతా నీ కన్నీళ్ళే! రా, నలుగురి ముందు సాక్ష్యం చెబుదువు గాని."

మైకు చేతికి వచ్చింది. వెనక వరసల్లో కుర్రాళ్ళంతా అతని వంకే చూస్తున్నారు.

"నా ప్రార్థనకి ఇంత బలం ఉంటదని నాకు నిజంగ తెల్వదు," అన్నాడు మణిదీప్.

"ఆమేన్!" అంది హాలంతా.

బిర్యానీ తింటూ అతను లెక్క సరిచూసుకున్నాడు. సమాచారంలో తప్పు లేదు. ప్రార్థన బలాన్ని తూకంలో వేసుకోకపోవడమే తప్పు. ఇకమీదట మనవి ఎవరి కోసమైతే వాడి మీదే కాయాలి. దానికి ఒక్క ఆదివారం కూడా తప్పిపోకూడదు. ఆ నిర్ణయంతో తేలికపడి బస్సెక్కాడు.

ఆ సమయానికి హాల్లో రోజమ్మ భర్త రత్నకుమార్ కుర్చీలు మడిచి గోడకు చేరుస్తున్నాడు.

"ఆర్నెల్ల కిందట మొత్తం తొమ్మిది మందిమి. ఇవాళ కుర్రాళ్ళే ఇరవై ముగ్గురు. బిర్యానీకి ఇంకో గిన్నె కొనాలి," అని నవ్వాడు. "ఈసారి ఎవడి కాలు విరగ్గొడదామే?"

"మళ్ళీ కాలంటే అనుమానమొస్తదండీ, చెయ్యి అందాం. ఇద్దరు కొట్టుకుంటే ఎవడో ఒకడు ఓడక తప్పదు. సగం సార్లు మన మాటే నిజమవుద్ది. మనం చెప్పినోడు ఓడకపోతే ప్రార్థన ఫలించినట్టు," అంది, పదకొండేళ్ళుగా పురుళ్ళ వార్డు తప్ప మరో వార్డు గడప తొక్కని రోజమ్మ.

చెయ్యి విరిగిన ఆ బిడ్డ ఎవరన్నది ఇంకా ఖరారు కాలేదు గానీ, మీరు కూడా దయచేసి అతన్ని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.