కొబ్బరికాయకు గురి

"బాపూ, కదలకు! అది నిజంగనే కాలుస్తది!" హర్షిత అరిచింది.

మహారాష్ట్రలోని మాజ్రి బొగ్గు డిపో గేటు దగ్గర కాపలా రోబో తుపాకీని పోశం ఛాతీకి గురిపెట్టింది. దసరా కదా అని, కూతురు దగ్గరుండి బిగించిన ఆ మిషనుకు దిష్టి తీసి, కొట్టడానికి కొబ్బరికాయ పైకెత్తాడాయన. రోబో దాన్ని బాంబనుకుంది.

"బాంబ్ ఖాలీ ఠేవా!" కింద పెట్టమని మరాఠీలో గద్దించింది.

"కింద పెట్టు బాపూ!"

"దిష్టి తీసిన కాయ కొట్టాలె గని కింద పెడ్తరా? అరిష్టం!" పోశం కాయ దించలేదు.

పసుపు కుంకుమల పళ్లెంతో నిలబడ్డ తల్లి లస్మవ్వ కూతురివైపు తిరిగింది. "మీ బాపును కాల్చుమని దీనికెవలు చెప్పిండ్రే?"

"ఎవ్వలు చెప్పలేదవ్వా. అదే ఆలోచించుకుంటది."

"మరి కాలిస్తే ఎవలనడగాలె? దాన్నా, నిన్నా?"



పళ్లేన్ని రోబో ఆయుధమనుకోలేదు. లస్మవ్వ పక్కనుంచి పోయి దాని కంటినిండా పసుపు మెత్తి, మీద కుంకుమ బొట్టు పెట్టింది.

ఎదురుగా ఏమీ కనిపించకపోయేసరికి, "ధోకా నాహీ, ధన్యవాద్" అని, ప్రమాదం లేదంటూ రోబో తుపాకీ దించేసింది.

పోశం ఠప్పున కాయ కొట్టాడు.

హర్షిత రుమాలు తీసి ఆ కన్ను తుడవబోయింది. కొబ్బరిముక్క నములుతున్న తండ్రిని చూసి ఆగిపోయింది. రుమాలు మళ్లీ జేబులో పెట్టుకుంది.

"అవ్వా, దీనికి ఎనుక గూడ ఒక కన్నున్నది. దానికి గూడ బొట్టు పెట్టు."