చుక్కమ్మ తోట

ముసలిదైందని యజమాని తరిమేస్తే, చుక్కమ్మ అనే గాడిద ఊరవతల తుమ్మకంప నిండిన బీడులో చేరింది. అక్కడ బురదగుంటలో పొర్లుతున్న పంది దాన్ని చూసి నవ్వింది.

"ముసలమ్మా, ఇక్కడ గడ్డి కూడా మొలవదు!"

"చచ్చేలోగా మొలిపిస్తాను" అంది చుక్కమ్మ.

కంప పీకింది. గిట్టలతో నేలను గుల్ల చేసింది. సంతలో పారేసిన సొరకాయలు, గుమ్మడికాయలు తెచ్చి గింజలు పాతింది. రోజూ కాలువలో మునిగొచ్చి, ఒంటి నీళ్ళు పాదుల మీద దులిపేది. తీరా మొలకలొచ్చాక పంది వాటిని తొక్కి నాశనం చేసింది. చుక్కమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తరవాత పీకిన కంపతోనే చుట్టూ కంచె వేసి, మళ్ళీ గింజలు పాతింది.

వానలు వెనకబట్టేసరికి బీడంతా పచ్చటి తీగలు అల్లుకున్నాయి. ఎటు చూసినా కాయలే. అప్పుడు పంది తన మందనంతా వెంటేసుకొచ్చింది.

"ఇది మా తాతల నేల. ఖాళీ చెయ్యి!"

"మీ తాతల నేలయితే ఇన్నేళ్ళలో దానికి గుక్కెడు నీళ్ళయినా పోశారా?"

"పోతావా, పోవా?"

"పోను" అని చుక్కమ్మ వెనక్కి తిరిగి నిలబడింది.

గాడిద వెనక్కి తిరిగిందంటే తరవాత ఏమవుతుందో పందులకు తెలుసు. మంద మెల్లగా జారుకుంది.

మర్నాడే చుక్కమ్మ కంచెను ఇంకో నాలుగు గజాలు ముందుకు జరిపింది.